వెనక చక్రం దగ్గర ఆయిల్ తడి

వడ్లు వచ్చే రోజుల్లో గంగావతి, కారటగి, సింధనూరు వైపు రైస్ మిల్లుల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. పాతికేళ్లు, ముప్పయ్యేళ్లు దాటిన బండ్లు వాటిల్లో ఇంకా కనబడుతూనే ఉంటాయి. ఈసారి లైన్లో నిలబడ్డప్పుడు వెనక టైరు లోపలి వైపు ఓసారి వంగి చూడండి. నల్లగా, జిడ్డుగా, దుమ్ము పేరుకుని ఉంటే యాక్సిల్ ఆయిల్ కారుతోందని అనుమానించాల్సిందే. "కొంచెమే కదా, కారినంత పోసుకుంటే సరి" అంటారు మనోళ్లు. ఆయిల్ పోయినందుకు కాదు బాధ, అది ఎక్కడికి పోతోందన్నదే బాధ.

మాస్సీ 35 కాలం నాటి బండ్లలో బ్రేకు డ్రమ్ము వెనక చక్రానికి ఆనుకునే ఉంటుంది. లోపల లైనింగు పొడిగా ఉంటేనే బ్రేకు పడుతుంది. సీలు దాటిన ఆయిల్ నేరుగా ఆ లైనింగు మీదికే చేరుతుంది. ఖాళీ బండితో పొలంలో తిరిగేటప్పుడు ఏమీ తెలియదు. నిండు ట్రాలీతో కాలవ గట్టు దిగేటప్పుడు తెలుస్తుంది. అప్పుడు బస్తాల మీద నలుగురు హమాలీలు కూర్చుని ఉంటారు. (కూర్చోకూడదు, కానీ కూర్చుంటాం.) ఒక్క పక్కే తడిస్తే మరీ ప్రమాదం. పెడల్ తొక్కగానే పొడిగా ఉన్న చక్రం పట్టేస్తుంది, బండి అటు లాగేస్తుంది, వెనకనుంచి ట్రాలీ తోసుకొస్తుంది. బ్రేకులు ఆయిల్లోనే మునిగి పనిచేసే కొత్త బండ్ల లెక్క వేరు.

తడి కనబడగానే చక్రం విప్పొద్దు. పైన లిఫ్టు దగ్గర కారిన ఆయిల్ కూడా హౌసింగు వెంట జారి చక్రం దగ్గరే బొట్లు బొట్లుగా పడుతుంది. డీజిల్ గుడ్డతో అంతా తుడిచి, ఆరనిచ్చి, ముగ్గుపిండి చల్లండి. కాసేపు నడిపి చూస్తే చార ఎక్కడ మొదలైందో పిండే చెబుతుంది. హౌసింగు జాయింటులో మొదలైతే బోల్టులు, ప్యాకింగు చూడాలి. డ్రమ్ము కింద నుంచి వస్తేనే సీలు పని.

దానికీ ముందు చూడాల్సినవి రెండున్నాయి. ఒకటి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ గీత దాటి ఉందా? పాత మాస్సీల్లో గేరుబాక్సుకీ, లిఫ్టుకీ, వెనక యాక్సిల్‌కీ ఒకటే ఆయిల్. లిఫ్టు లేవడం లేదని పోసిందే పోస్తే ఎక్కువైంది సీలు మీద పడుతుంది. రెండు, గాలి పోయే బ్రీదర్. దమ్ము చేసినప్పుడు పడిన బురద ఎండి అది మూసుకుపోతే, వేడెక్కిన గాలికి దారిలేక ఆయిల్‌ని సీలు దాటి తోస్తుంది. ఈ రెండూ సరిచేసుకుంటే పైసా ఖర్చు లేకుండా ఆగిపోయిన లీకులు ఎన్నో! ఆయిల్ పాలలా తెల్లగా మారి ఉంటే మాత్రం లోపలికి నీళ్లు చేరినట్టే. అంతా దించి కొత్తది పోయాల్సిందే.

ఇక చక్రం తీసే పని. ముందు చక్రాలకు రాళ్లు అడ్డంపెట్టి, జాకీ ఒక్కదాన్నే నమ్ముకోకుండా హౌసింగు కింద గట్టి దుంగలు పెట్టాలి. టైరులో నీళ్లు నింపి ఉంటే దాని బరువు ఇద్దరు మనుషులు ఆపేది కాదు, చైన్ కప్పీ కావాలి. చక్రం విప్పే ముందు దాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. టకటకమని ఆడితే బేరింగు పోయింది. కొత్త సీలు ఒక్కటే వేస్తే నెల తిరక్కుండా మళ్లీ కారుతుంది, ఎందుకంటే ఊగే షాఫ్టు సీలు పెదవిని అరగదీస్తూనే ఉంటుంది. మన వైపు ఇంకో శత్రువు ఉంది: గడ్డీ, నైలాన్ తాడు పోగులూ చుట్టుకుని సీలుని కోసేస్తాయి.

షాఫ్టు మీద సీలు కూర్చునే చోట గోరు పెట్టి గీకండి. గోరు తట్టుకుంటే గాడి పడింది. ఎమరీ కాగితంతో అది పోదు, సన్న స్లీవు ఎక్కించాలి. బేరింగు, కాలరు బిగుతుగా ఎక్కి ఉంటాయి కాబట్టి ఆ పని లేత్ షాపులో ప్రెస్సు ఉన్న మేస్త్రీకి అప్పజెప్పడమే మంచిది. లోపలి సీలూ బయటి సీలూ రెండూ మార్పించండి. స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకే ఉండాలి, పెదవికి కాస్త ఆయిల్ రాసి, చెక్క ఆనించి సమంగా దించాలి. తీసిన షిమ్ములు ఏ పక్కవి ఆ పక్కకే వెళ్లాలి.

ఆయిల్ తాగిన లైనింగుని పెట్రోలుతో కడిగి, నిప్పు పెట్టి మళ్లీ వాడే అలవాటు మానాలి. వేడెక్కితే లోపలి ఆయిల్ మళ్లీ పైకి వస్తుంది. రెండు పక్కలా కొత్తవి వేయించండి. డ్రమ్ములో దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దు, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. అది ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. తడిగుడ్డతో తుడవండి, పక్కన పిల్లల్ని ఉండనీయకండి.

బిగించాక రెండు పెడల్సూ కలిపే కొక్కెం వేసి, ఖాళీ రోడ్డు మీద మెల్లగా బ్రేకు తొక్కి చూడాలి. బండి ఏ పక్కకీ లాగకూడదు. మొదటి లోడు దించిన తర్వాత చక్రం నట్లు మరోసారి బిగించండి.