తెర వెనక ఓటమి, తెర దాకా రాని ఓటమి

కళాకారుడి ఓటమిని గురించి రాసేటప్పుడు మన రచయితలకు ఒక వెసులుబాటు ఉంది. అతన్ని ఓడించేది పేదరికమో, విధో, సంఘమో అయి ఉంటుంది. అతని కళలో మాత్రం లోపం ఉండదు. 1983లో వచ్చిన 'సాగర సంగమం'లో బాలుకి ఢిల్లీలో నాట్యం చేసే అవకాశం తల్లి మరణం వల్ల చేజారిపోతుంది. బాలుకన్నా బాగా చేసేవాడు మరొకడుండి, ఆ చోటు న్యాయంగానే వాడికి దక్కి ఉంటే? అలాంటి కథ మన సాహిత్యంలో నాకు అరుదుగా తగిలింది.

ఆ కథ నాకొక జపాన్ యానిమేలో కనిపించింది. యానిమే అంటే బొమ్మలతో తీసే చిత్రం. పిల్లల కాలక్షేపమని దాన్ని తోసిపుచ్చడం మన విమర్శకులకు అలవాటు. 'సౌండ్! యుఫోనియం' అయానో తకెదా నవలల ఆధారంగా క్యోటో యానిమేషన్ సంస్థ 2015లో మొదలుపెట్టి, 2024లో మూడవ భాగంతో ముగించిన ధారావాహిక. ఇతివృత్తం చిన్నది. క్యోటో దగ్గరి ఉజి పట్టణంలో ఒక ఉన్నత పాఠశాల వాద్యబృందం జాతీయ పోటీలో బంగారు బహుమతి సాధించాలనుకుంటుంది.

కథానాయిక కుమికో వాయించేది యుఫోనియం. ట్యూబా జాతికి చెందిన, మెత్తని మంద్రస్వరం గల ఇత్తడి వాద్యమిది. సింఫనీ ఆర్కెస్ట్రాలలో దీనికి స్థిరమైన చోటు లేదు. అంటే దీన్ని నమ్ముకుని బతకడం కష్టం. ఈ వాద్యాన్ని ఎన్నుకోవడంలోనే కథకు భౌతికమైన పునాది పడింది.

పోటీలో వేదిక ఎక్కగలిగేది 55 మందే. కొత్తగా వచ్చిన టకి మాష్టారు పై తరగతి వాళ్లకే ముందు చోటు అన్న పద్ధతిని పక్కనపెట్టి, వాయించి చూపినవారికే చోటు అంటాడు. ఇది ముందడుగే. కుమికో ఈ సూత్రాన్ని మనసారా నమ్ముతుంది. మూడవ ఏట ఆమె బృందానికి అధ్యక్షురాలవుతుంది. ఆ ఏడే, పేరున్న వాద్యబృందం గల మరో బడి నుంచి మయు వచ్చి చేరుతుంది. ఆమెదీ యుఫోనియమే.

జాతీయ పోటీలో ట్రంపెట్‌తో కలిసి యుఫోనియం యుగళం వాయించే అవకాశం ఎవరిదో తేల్చడానికి ఇద్దరిచేతా తెర వెనక వాయింపిస్తారు. సభ్యులకు మొహాలు కనబడవు, స్వరం మాత్రమే వినబడుతుంది. ఓట్లు సమానమవుతాయి. తేల్చే బాధ్యత ట్రంపెట్ వాయించే రేనా మీద పడుతుంది. రేనా కుమికోకి ప్రాణస్నేహితురాలు. ఏ స్వరం ఎవరిదో ఆమెకి తెలుసు. అయినా మయునే ఎన్నుకుంటుంది.

నవలలో ఈ చోటు కుమికోకే దక్కింది. చిత్రం దాన్ని మార్చింది. అభిమానుల్లో చాలామంది నొచ్చుకున్నారు. నాకది కథలో చేసిన మార్పుగా కాక, దృక్పథంలో వచ్చిన మార్పుగా తోచింది. మూడేళ్లుగా తాను సమర్థించిన న్యాయసూత్రమే కుమికోను ఓడించింది. అందరి ముందూ ఆమె ఫలితాన్ని నిబ్బరంగా ఒప్పుకుంటుంది. తర్వాత కొండమీద రేనా పక్కన వెక్కివెక్కి ఏడుస్తుంది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా పాత్ర అబద్ధమయ్యేది. న్యాయమైన ఓటమి కూడా బాధిస్తుంది. బాధించినంత మాత్రాన అది అన్యాయమైపోదు.

అయితే ఇక్కడే నాకొక పేచీ ఉంది. తెర ముఖాన్ని దాస్తుంది. తెర దాకా ఎవరెలా వచ్చారో, ఎవరు రాలేకపోయారో కూడా దాస్తుంది. ఈ ప్రశ్నను, అదే బడి కథతో, అదే సంస్థ నుంచి నవోకో యమాదా దర్శకత్వంలో 2018లో వచ్చిన 'లిజ్ అండ్ ద బ్లూ బర్డ్' అడుగుతుంది. మిజోరె ఓబో వాయిస్తుంది, నొజోమి ఫ్లూటు. శిక్షకురాలు సంగీత కళాశాల వివరాల పుస్తకాన్ని మిజోరె చేతికిస్తుంది. అది చూసి నొజోమి తానూ ఆ కళాశాలకు వెళ్తానంటుంది. ఆమెకి మర్యాదైన జవాబు దొరుకుతుంది గాని, మిజోరెకి వచ్చిన పిలుపు రాదు. మిజోరె తన శక్తినంతా విప్పి వాయించిన రోజున నొజోమి ఫ్లూటు తడబడుతుంది. ఆమె మామూలు విశ్వవిద్యాలయ ప్రవేశానికి చదువుకోవడం మొదలుపెడుతుంది. నొజోమికి తక్కువైంది ప్రతిభా, పిలుపా? చిత్రం ఆ రెండింటినీ విడదీయదు. జీవితంలోనూ అవి విడివిడిగా దొరకవు.

ఆ దృశ్యం నన్ను నా తరగతిలోకి లాక్కెళ్లింది. కొన్నేళ్ల కిందట ఒక కథల పోటీకి మా బడికి ఒకే దరఖాస్తు వచ్చింది. పదో తరగతిలో ఇద్దరమ్మాయిలు కథలు రాసేవాళ్లు. మెరుగ్గా రాసే అమ్మాయికిచ్చాను. రెండో అమ్మాయి "నాకు లేదా సార్?" అంది. "ఒక్కటే వచ్చిందమ్మా" అన్నాను. నేను చెప్పింది నిజమే. నా ఎంపికా తప్పు కాదు. కానీ ఆ తర్వాత ఆ అమ్మాయి కథల నోటుపుస్తకం నా బల్ల మీదికి రాలేదు. ఏదమ్మా అని నేనూ అడగలేదు. ఎంపిక న్యాయమైనదే. అడక్కపోవడం మాత్రం న్యాయం కాదు.

ధారావాహిక చివర కుమికో అదే బడికి ఉపాధ్యాయురాలిగా వచ్చి, వాద్యబృందానికి సహాయ మార్గదర్శి అవుతుంది. ఓటమికి దొరికిన ఓదార్పుగా దీన్ని చదువుకోవచ్చు. కవిని కావాలనుకుని, ఒక్క సంపుటి కూడా తేలేక బడిపంతులునైన నాకు ఆ పఠనం సుఖంగానే ఉంటుంది. కానీ ఉపాధ్యాయ వృత్తి ఓదార్పు బహుమతి కాదు. ఇకపై వివరాల పుస్తకం కుమికో చేతిలో ఉంటుంది. అది ఎవరికివ్వాలో, ఇవ్వని పిల్లలతో ఏం మాట్లాడాలో ఆమె తేల్చుకోవాలి. కథ అక్కడికి రాకుండానే ఆగిపోయింది.

మన రచయితలు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. ఓడినవాడి కళను ముందుగానే నిర్దోషిగా ప్రకటిస్తే అది జాలి అవుతుంది. పిలుపు అందనివాళ్లందరినీ ప్రతిభ లేనివాళ్ల కింద జమకడితే అది క్రూరత్వమవుతుంది. ఈ రెండూ సులువే. ఎవరు ఎవరి చేతిలో ఓడారో, అంతకుముందు ఎవరి చేతికి ఏ కాగితం అందలేదో ఒకే కథలో చూపించడమే కష్టం. ఆ కష్టాన్ని తలకెత్తుకున్న కథ కోసం నేను ఎదురుచూస్తున్నాను.