కొండప్రజల దైవారాధనము

మన అనకాపల్లికి వాయవ్యమున నగపడు కొండల యావల పాడేరు, చింతపల్లి, అరకు ప్రాంతములు కలవు. 2022వ సంవత్సరమున నవి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినవి. అచ్చట భగతలు, వాల్మీకులు, కొండదొరలు, ఖోందులు, పోర్జలు, గదబలు మొదలగు తెగలవారు నివసించుచున్నారు. వీరి భాషలును పెక్కు. ఖోందుల కువి తెలుగునకు జ్ఞాతి. గదబల గుతోబు ముండా కుటుంబములోనిది.

వ్రాసిన గ్రంథము లేనందున వీరికి మతమే లేదని కొందఱు తలంతురు. అది సరి కాదు. వీరి మతము పంటల క్రమముననే యిమిడియున్నది. చైత్రమున వచ్చు ఇటుకల పండుగనాడు విత్తనములను దేవత యెదుట నుంచి పూజింతురు. పురుషులు వేటకుఁ బోవుదురు. వట్టిచేతులతో మరలినవారిని స్త్రీలు పరిహసింతురు. క్రొత్త పంటను దేవత కర్పింపక తినరు. ఆ పండుగకుఁ గొత్త యని పేరు.

మామిడికొత్త కాకమున్ను కాయ కోయరాదు. ఇందలి మేలేమి? లేతకాయలో టెంక ముదరదు. ముదిరిన టెంకలోని జీడిపిండితోఁ గాచిన అంబలి వానకాలపుఁ గొఱతదినములలోఁ బెక్కు కుటుంబములకు ఆధారమై యుండెను. పూజానియమమే యాహారమును గాపాడినదని మేము తలంచుచున్నాము.

వీరిలోఁ గ్రైస్తవమతము నవలంబించినవారును కలరు. రాజ్యాంగము 25వ అధికరణమున నెల్లరకు మతస్వాతంత్ర్యము నొసఁగినది. అయినను తోడివారి పరిహాసమును చట్టము మాన్పఁజాలదు. కొండనుండి చదువవచ్చిన బాలుఁడు సిగ్గుపడి తన భాషను మానినచో, పంటల పేరులును పండుగ పాటలును దానితో నణఁగును. కావున విద్యార్థులారా, అట్టి సహాధ్యాయి మీ ప్రక్కనున్నయెడల నవ్వకుఁడు. అతని యూర మామిడికొత్త యెట్లు జరుపుదురో యడిగి తెలిసికొనుఁడు.