శాతం పక్కన పిల్లల లెక్క

పార్వతీపురం చిన్న పట్టణం. 2011 జనాభా లెక్కల్లో 50 వేలకు కాస్త పైన. ఆ పట్టణం కేంద్రంగా ఉన్న మన్యం జిల్లా 2023, 2024, 2025 పదో తరగతి ఫలితాల్లో వరుసగా ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో మొదట నిలిచింది: 87.47, 96.37, 93.90 శాతం. దానితో పాటే 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన మరో గిరిజన జిల్లా అల్లూరి సీతారామరాజు, 2025లో 47.64 శాతంతో అట్టడుగున ఉంది. రెండూ గిరిజన జిల్లాలే, ఒకటి మొదట, ఒకటి చివర. ఏజెన్సీ పిల్లలకు చదువు అబ్బదనే మాట ఇక్కడే వీగిపోతుంది.

రాష్ట్రం మొత్తం మీద ఉత్తీర్ణత 2024లో 86.69 శాతం, 2025లో 81.14. తేడా ఐదున్నర శాతమే అనిపిస్తుంది. పాసైనవాళ్లను లెక్కపెడితే 5,34,574 నుంచి 4,98,585కు పడిపోయారు. అంటే దాదాపు 36 వేల మంది పిల్లలు తగ్గారు. పరీక్ష రాసినవాళ్ల సంఖ్యలో మాత్రం రెండు వేలే తేడా.

చిన్న ఊళ్లో శాతం ఇంకా మోసం చేస్తుంది. పదో తరగతిలో 20 మందే ఉన్న బడిలో ఇద్దరు తప్పితే 90 శాతం. 200 మంది ఉన్నచోట అదే ఇద్దరు తప్పితే 99. కాబట్టి చిన్న బడి ఫలితం ఓ ఏడాది పది శాతం పడిందని టీచర్లను నిందించడం అన్యాయం. మూడు నాలుగేళ్లది కలిపి చూడాలి.

అసలు చిక్కు ప్రాథమిక బడిలో మొదలవుతుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు. తరగతులు మాత్రం ఐదు. ఒకరు సెలవు పెడితే ఐదు తరగతులకూ ఒక్కరే. అది చూసిన తల్లిదండ్రులు టి.సి. తీసుకుని ప్రైవేటు బడికి వెళ్తారు. వాళ్లను తప్పుపట్టలేం. కానీ వెళ్లినకొద్దీ పిల్లలు తగ్గుతారు, పిల్లలు తగ్గితే టీచర్ పోస్టు పోతుంది. చివరికి బడి ఉంటుంది, పిల్లలుండరు. కేంద్రం లెక్కల ప్రకారం 2024-25లో దేశంలో ఇలా ఒక్క విద్యార్థీ లేని బడులు 7,993. వాటిలో తెలంగాణవే 2,245.

మీ ఊరి బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టినప్పుడు పాస్ శాతంతో ఆగకండి. ఈ బ్యాచ్ ఎనిమిదిలో ఎంతమంది, పదిలో పరీక్ష రాసింది ఎంతమంది, మధ్యలో మానేసినవాళ్లు ఎక్కడున్నారు, ఏ సబ్జెక్టుకు టీచర్ లేరు? హెచ్.ఎం. గారి రిజిస్టర్లలో ఈ జవాబులు చాలావరకు ఉంటాయి.