ఔషధముగా మారిన విషము: యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధన

భీమవరమున 1895లో జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మనలో పెక్కురు వినియే యుందురు. కాని వారి పరిశోధనాఫలము శరీరమున నెట్లు పనిచేయునో చెప్పగలవారు అరుదు. ఆ ఫలములలో నొకటి నేటికిని మన యిండ్ల మందుల పెట్టెలలో నున్నది. దానిని గూర్చి తెలియకుండుట ప్రాణాపాయమునకు గూడ దారితీయవచ్చును. కావున ఈ వ్యాసమున ఆ యొక్క విషయమునే వివరించుచున్నాను.

సుబ్బారావుగారి తొలి కృషి జీవక్రియకు సంబంధించినది. హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్క్‌తో కలిసి వారు 1925లో రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఆ పద్ధతి వలననే, కండరములకు శక్తి నిచ్చు ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అను పదార్థములు వారికి పట్టుపడినవి.

1940లో వారు పెర్ల్ రివర్ పట్టణమందలి లెడర్లీ ప్రయోగశాలలలో చేరిరి. అంతకు పూర్వమే లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనత ఈస్టు సారముతో నయమగుట గమనించి 1931లో ప్రకటించియుండెను. ఆ సారమునందలి గుణము ఫోలిక్ ఆమ్లమను విటమినుదని తరువాత తేలినది. సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞులు 1945 నాటికి దానిని కృత్రిమముగా తయారుచేసిరి.

జీవకణము రెండుగా చీలవలెనన్న మొదట తన డీఎన్‌ఏకు ప్రతి నిర్మించుకొనవలెను. దానికి ఫోలిక్ ఆమ్లము అవసరము. బోస్టను నగరమున పిల్లల వైద్యశాలయందు పనిచేయుచుండిన సిడ్నీ ఫార్బర్, ల్యుకేమియా అను రక్తక్యాన్సరు గల పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థముల నిచ్చినపుడు, వ్యాధి తగ్గుటకు మారుగా విజృంభించినట్లు ఆయనకు తోచెను. అట్లయిన ఆ విటమినును కణమునకు అందకుండ చేసిన నేమగును?

అందులకు కావలసిన పదార్థమును లెడర్లీవారే నిర్మించిరి. వడ్లలో తాలుగింజ పైకి మంచిగింజ వలెనే యుండును. లోపల బియ్య ముండదు. అట్లే ఫోలిక్ ఆమ్లమును పోలియుండి, దాని పని చేయలేని పదార్థము అమినోప్టెరిన్. ఫోలిక్ ఆమ్లమును వినియోగమునకు తెచ్చు ఎంజైమును ఇది పట్టుకొని విడువదు. దానితో కణము చీలలేక నశించును. 1948 జూనులో ఫార్బర్ ప్రకటించిన వ్యాసమున, ఈ మందు పుచ్చుకొనిన 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తాత్కాలికముగా తగ్గినట్లున్నది. రెండు నెలలలో, ఆగస్టు 8న, సుబ్బారావుగారు పరమపదించిరి.

అయితే ఈ పదార్థము శత్రుకణమేదో, మిత్రకణమేదో ఎరుగదు. వేగముగా చీలు కణములన్నిటిని అది బాధించును. ఎముకలలోని మూలుగ, నోటిపొర, ప్రేగులపొర అట్టివే. అందుచేతనే నోటిపూత, విరేచనములు, రక్తకణముల క్షీణత కలుగును. తరువాత దీనికంటె కొంత సౌమ్యమైన మెథోట్రెక్సేట్ వాడుకలోనికి వచ్చెను. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ గారలు మావికణములనుండి పుట్టు ఒకవిధమైన క్యాన్సరును దీనితో నయముచేసిరి. ఎంజైము నిరోధింపబడినను కణమునకు ఉపయోగపడు ల్యూకోవోరిన్ దీనికి విరుగుడు. అధికమాత్రలో మందిచ్చిన పిదప వైద్యులు దానిని సకాలమున నిత్తురు.

నేడు మెథోట్రెక్సేట్ క్యాన్సరునకే గాక, కీళ్లవాతమునకు, సోరియాసిస్‌కు గూడ స్వల్పమాత్రలో వాడబడుచున్నది. ఈ వ్యాధులకు దీనిని వారమున కొకమారు మాత్రమే పుచ్చుకొనవలెను. ఇతర మాత్రలవలె ప్రతిదినము మ్రింగినచో మూలుగ దెబ్బతిని మరణము సంభవింపవచ్చును. అట్టి దుర్ఘటనలు పలుదేశములలో జరిగినవి. గర్భిణులు దీనిని వాడరాదు, గర్భస్థశిశువునకు హాని కలుగును. తెలుగు మాత్రమే చదువగల వృద్ధులు మన కుటుంబములలో నెందరో కలరు. మందుచీటి మీది అక్షరములు పరభాషలో నుండును. కావున ఇంటి చదువుకొన్న పిల్లలు ఆ మాత్రల పెట్టెపై ఏ వారమున వేసికొనవలెనో, ఉదాహరణకు ‘ఆదివారము మాత్రమే’ అని, తెలుగున పెద్ద అక్షరములతో వ్రాసిపెట్టవలెను. నోటిపూత గాని, జ్వరము గాని కనబడినచో ఆలస్యము చేయక వైద్యునికి తెలుపవలెను.

సుబ్బారావుగారి చిత్రపటమునకు పూలమాల వేయుట మంచిదే. వారిచ్చిన మందును సరిగా వాడుట నేర్చి, నేర్పుట అంతకంటె మంచిది.