ఉప్పునీటి అక్వేరియం నిర్వహణ

ఉప్పునీటి అక్వేరియం అనగా సముద్రపు చేపలను ఇంటిలో పెంచడానికి, సముద్రపు నీటితో సమానమైన లవణీయత గల నీటిని నింపిన గాజు తొట్టి. తొట్టి ఎంత చిన్నదైతే నిర్వహణ అంత కష్టం. తక్కువ నీటిలో ఉప్పు, వేడి, మాలిన్యం త్వరగా మారిపోవడమే ఇందుకు కారణం. పల్నాడు జిల్లాలో వేసవి ఎండలు, బోరు నీటి కాఠిన్యం ఈ కష్టాన్ని మరింత పెంచుతాయి.

నీటి తయారీ

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. వీటిలో సోడియం, క్లోరైడ్‌లతో పాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేట్‌లు కూడా ఉన్నాయి. కాబట్టి వంట ఉప్పు పనికిరాదు. అక్వేరియం దుకాణాలలో దొరికే సముద్ర లవణ మిశ్రమాన్నే వాడవలెను. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు, మాచర్ల సిమెంటు పరిశ్రమకు ఆధారమైన సున్నపురాయి నేలలలో బోరు నీరు సాధారణంగా కఠినజలం. ఆర్వో నీటిలో మిశ్రమాన్ని కలిపి, ఒక రోజు గాలిపంపు నడిపి, హైడ్రోమీటరుతో సాంద్రత 1.023–1.025 ఉన్నదని చూసుకొని వాడడం మేలు.

ఆవిరి అయిన నీరు

కొత్తగా తొట్టి పెట్టినవారు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. నీరు ఆవిరి అవుతుంది, ఉప్పు ఆవిరి కాదు. 60 లీటర్ల తొట్టిలో సుమారు 2,100 గ్రాముల ఉప్పు ఉంటుంది. అందులో 6 లీటర్లు ఆవిరైతే మిగిలిన 54 లీటర్లలో లీటరుకు 39 గ్రాములు అవుతుంది. తగ్గిన మేరకు మళ్ళీ ఉప్పునీరే పోస్తే 38.5 గ్రాముల వద్ద నిలిచి, ప్రతిసారీ పెరుగుతూ పోతుంది. చేపలు మేత మాని, చివరకు చనిపోతాయి. కాబట్టి తొట్టికి వెలుపల ఒక గీత గీసి, రోజూ ఆ గీత వరకు ఉప్పు కలపని ఆర్వో నీటినే పోయవలెను. బోరు నీరు పోస్తే అందులోని ఖనిజాలు కూడా పేరుకుంటాయి.

వేసవి జాగ్రత్తలు

ఈ చేపలకు 24–27 డిగ్రీల సెల్సియస్ వేడి అనుకూలం. అధిక ఉష్ణోగ్రతలకు పేరుపొందిన రెంటచింతల ఈ జిల్లాలోనిదే. నీటి ఉపరితలంపై చిన్న ఫ్యాను గాలి తగిలేలా చేస్తే, మట్టికుండలో వలెనే ఆవిరి వలన నీరు చల్లబడుతుంది. అయితే ఆవిరి పెరుగుతుంది కనుక పైన చెప్పిన నీటి భర్తీ రోజుకు రెండుసార్లు అవసరం కావచ్చు. వెచ్చని నీటిలో ఆక్సిజన్ తక్కువ. కరెంటు పోతే గంటల్లోనే ముప్పు రావచ్చు కనుక బ్యాటరీ గాలిపంపు దగ్గర ఉంచుకోవలెను.

శుభ్రపరచుట

చేపల విసర్జనల నుండి పుట్టే అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైటుగా, మరొక రకం నైట్రేటుగా మారుస్తాయి. ఇవి స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు చేపలను వేయరాదు. ఆ తరువాత వారానికొకసారి పదవ వంతు నీటిని అడుగు మురికితో సహా గొట్టంతో లాగి, అదే లవణీయత గల నీటిని నింపవలెను. ఫిల్టరు స్పంజిని తీసివేసిన తొట్టి నీటిలోనే పిండవలెను. కుళాయి నీటిలోని క్లోరిన్ బాక్టీరియాను చంపుతుంది. అద్దానికి సబ్బు తగలరాదు. వాడిన ఉప్పునీటిని మొక్కల పాదులలో పోయరాదు.

చేపల ఎంపిక

చిన్న తొట్టికి హేచరీలో పుట్టిన క్లౌన్ చేపల జంట చాలు. పగడపు జీవులు, సముద్రపు గుర్రాలు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేరినవి. వాటిని పట్టడం, అమ్మడం నేరం.