తల్లిపాలుండగా చుక్కలెందుకు?

కాన్పు సాయానికని ఐర్లండ్‌లో డబ్లిన్ శివారు టాలట్‌కు వచ్చిన అమ్మమ్మలకు కలిగే సందేహమే ఇది. తల్లీబిడ్డా ఆసుపత్రి నుంచి వచ్చిన మూడు రోజుల్లోపే పబ్లిక్ హెల్త్ నర్సు ఇంటికి వస్తుంది. బిడ్డను తూచి, పాలు ఎలా పడుతున్నారో చూసి, రోజూ 5 మైక్రోగ్రాముల విటమిన్ డి చుక్కలు ఏడాది నిండేదాకా వెయ్యమంటుంది. తల్లిపాలను మించింది లేదని చెప్పేదీ ఆమే. మరి ఈ సీసా ఎందుకు?

పాలలోకి ఏది ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఇది అర్థమవుతుంది. చక్కెర, మాంసకృత్తులు, కాల్షియం తల్లి తిండి తగ్గినా అంతగా తగ్గవు. కాల్షియం కొంత ఆమె ఎముకల్లోంచే వస్తుంది, పాలు మాన్పించాక ఆ ఎముక మళ్లీ చాలావరకు పూడుతుంది. 1950లలో డాక్టర్ సి. గోపాలన్ మన దేశపు పేద తల్లులను పరిశీలిస్తే, అరకొర తిండితో ఉన్నవాళ్లు కూడా నెలల తరబడి పాలిస్తూనే ఉన్నారు. ఆ లోటంతా తల్లి ఒంటి మీదే పడుతుంది. విటమిన్ డి, బి12, అయోడిన్ సంగతి వేరు. తల్లి ఒంట్లో తక్కువైతే పాలలోనూ తక్కువే.

హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంటే డబ్లిన్ 53 మీద ఉంది. అక్టోబరు చివరి నుంచి మార్చి దాకా ఇక్కడి ఎండ చర్మంలో విటమిన్ డి పుట్టించలేదు. మన చామనఛాయకు వేసవిలోనూ ఎక్కువసేపు ఎండ కావాలి. అమ్మకే చాలనిది పాలలోకి ఎలా వస్తుంది? చుక్కలు బిడ్డకు, మాత్ర అమ్మకు, రెండూ అవసరమే. శాకాహారులైతే బి12 గురించి గర్భంతో ఉన్నప్పుడే డాక్టరును అడగాలి. ఆ లోటు ముదిరితే బిడ్డ పాలిపోయి, మందకొడిగా మారి, నేర్చుకున్న ఆటపాటలు కూడా మరిచిపోవచ్చు. ఇనుము పాలలో ఎప్పుడూ కొద్దిగానే ఉంటుంది. మొదటి ఆరు నెలలకు సరిపడా నిల్వను బిడ్డ కడుపులో ఉండగానే పోగుచేసుకుంటుంది. గర్భిణికి ఇచ్చిన ఐరన్ మాత్రలు డబ్బాలో మిగిలిపోకూడదనేది అందుకే.

మరి పథ్యం? పప్పు వద్దు, పెరుగు వద్దు, నీళ్లు తగ్గించు అనే మాట నాకు బాధ కలిగిస్తుంది. పాలలో దాదాపు 87 శాతం నీళ్లే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కన బాలింతకు మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలి. సూట్‌కేసులో తెచ్చిన తెలగపిండి, మునగాకు వేసి కూర వండితే అమ్మమ్మను మెచ్చుకోవాలి. అందులో మాంసకృత్తులూ కాల్షియమూ ఉన్నాయి. వెల్లుల్లి కారమూ అన్నంలో కలుపుకోవచ్చు. కోస్తావాళ్లు పాలు పడతాయని పెట్టే పాలసొర పుట్టు మాత్రం మానుకోవాలి. సొరచేపల్లో పాదరసం పేరుకుంటుంది కాబట్టి గర్భిణులూ బాలింతలూ తినొద్దని ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థ చెబుతోంది. ఇక్కడ దొరికే మాకెరెల్ మన కానాగంతలకు దగ్గరి చుట్టం, పులుసుకు బాగుంటుంది. అలాంటి కొవ్వు చేపలు వారానికి రెండుసార్లు చాలు.

పాలు పెరగడం ఎలా అంటే, ప్రధానంగా బిడ్డ తాగడం వల్లే. రొమ్ములో పాలు నిలిచిపోతే తయారీ మందగిస్తుంది, ఖాళీ అవుతుంటే పుంజుకుంటుంది. రాత్రి బిడ్డ లేచిన ప్రతిసారీ పాలివ్వాలి. మొదటి రోజుల్లో వచ్చే చిక్కటి ముర్రుపాలు చెంచాడే అయినా ఆ బుజ్జి పొట్టకు సరిపోతాయి. అవి పారబోసి డబ్బాపాలు పడితే అసలు పాలు రావడమే ఆలస్యమవుతుంది.

ఉద్యోగంలో చేరాక కూడా ఇదే సూత్రం. ఐర్లండ్ 2023 చట్టం ప్రకారం బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా పాలిచ్చే తల్లికి జీతం కోత లేకుండా రోజుకు గంట విరామం హక్కు. ఆఫీసులో పాలు పిండుకోవడానికి ఆ గంట వాడుకోవచ్చు. సెలవు ముగియకముందే మేనేజరుకు రాతపూర్వకంగా తెలియజేయండి.