రాజ్మా గింజలో దాగిన జిగురు

పిల్లలూ! ఎర్రగా, నున్నగా, నూనె రాసినట్లు మెరిసే రాజ్మా గింజలను మీరు చూసే ఉంటారు. అమెరికా ఖండాలలో పుట్టిన ఈ చిక్కుడు జాతి గింజ ఇప్పుడు మన అరకు, చింతపల్లి కొండలలో కూడా పండుతున్నది. బాగా ఉడికించి తింటే కమ్మగా ఉంటుంది, ఒంటికి బలం కూడాను. కాని ఇవే గింజలు పచ్చివి నాలుగైదు నమిలి మింగితే చాలు, మూడు గంటలు తిరగకముందే కడుపులో దేవినట్లవుతుంది. వాంతులు పట్టుకుంటాయి, ఆ వెనుక విరేచనాలు.

ఇది కట్టుకథ కాదు. 1976లో బ్రిటనులో సెలవులు గడపడానికి వెళ్లిన కొందరు బడిపిల్లలు ఈ గింజలను నానబెట్టి, ఉడికించకుండానే తిని జబ్బుపడ్డారు. నానితే మెత్తబడతాయి కదా, మెత్తబడినవి తినవచ్చు కదా అనుకోవడం సహజమే. కాని మెత్తబడటం వేరు, ఉడకడం వేరు.

ఇంతకీ ఆ గింజలో ఏమున్నది? లెక్టిన్ అనే ఒక మాంసకృత్తి. దానిని ఒక రకమైన జిగురు అనుకోండి. మన పేగుల లోపలి పొరలోని కణాలమీద చక్కెర జాతి పదార్థాల గొలుసులు వేలాడుతుంటాయి. లెక్టిన్ వాటిని పట్టుకొని అంటుకుపోతుంది. మామూలు మాంసకృత్తులలాగా సులువుగా అరగదు. అది అంటుకున్న చోట పేగు పొర దెబ్బతింటుంది. నెత్తుటిలో కలిపితే ఎర్ర రక్తకణాలను గుంపులు గుంపులుగా అంటిస్తుంది.

ఈ సంగతి మొదట బయటపడింది మనకు బాగా తెలిసిన ఆముదపు గింజల వల్లనే. 1888లో ఎస్టోనియా దేశపు టార్టు నగరంలో (అప్పట్లో దాని పేరు డోర్పాట్) స్టిల్‌మార్క్ అనే పరిశోధకుడు ఆముదపు గింజల సారాన్ని నెత్తుటిలో కలిపి చూడగా కణాలు ముద్దకట్టాయి. ఆ గింజలలోని రిసిన్ అనే లెక్టిన్ రాజ్మాలోని దానికన్నా ఎన్నో రెట్లు భయంకరమైన విషం, ప్రాణాలు తీస్తుంది. అందుకే నూనె తీయగా మిగిలిన ఆముదపు పిండిని మన రైతులు పొలానికి ఎరువుగా వేస్తారే గాని పశువులకు పెట్టరు. చారల చారల ఆముదపు గింజలు ఎంత ముద్దుగా ఉన్నా, మీరు మాత్రం నోట పెట్టకండి!

మరి రాజ్మాను రోజూ తినేవాళ్లకు ఏమీ కావడం లేదేం? ఇక్కడే పొయ్యి మహిమ ఉన్నది. కోడిగుడ్డులోని తెల్లసొనను చూడండి. పచ్చిగా ఉన్నప్పుడు జారుతుంది, ఉడికితే గట్టిపడుతుంది. తిరిగి చల్లార్చినా మళ్లీ నీరుకాదు. వేడికి మాంసకృత్తి ఆకారం చెడిపోయిందన్నమాట. లెక్టిన్ కూడా అంతే. ఆకారం చెడిన తరువాత దేనినీ పట్టుకోలేదు. రక్తాన్ని ముద్దకట్టించే శక్తికి శాస్త్రజ్ఞులు ఒక కొలత పెట్టుకున్నారు. పచ్చి ఎర్ర రాజ్మాలో అది 20,000 నుంచి 70,000 దాకా ఉంటే, పూర్తిగా ఉడికిన దానిలో 200 నుంచి 400 మాత్రమే!

అయితే ఈ లెక్టిన్ కాస్త మొండిది, గోరువెచ్చని వేడికి లొంగదు. సన్నని సెగమీద గంటల తరబడి వండే విద్యుత్తు పాత్రలున్నాయి. వాటిలో కూర ఒక్కోసారి 75 డిగ్రీలైనా దాటదు. అలా సగం ఉడికిన గింజలు పచ్చివాటికన్నా ఎక్కువ హాని చేయవచ్చునని ఆహార శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. వేయించడాన్ని కూడా నమ్మరాదు. 2006లో జపానులో ఒక టెలివిజన్ కార్యక్రమం చూసి, తెల్ల రాజ్మాను మూడే మూడు నిమిషాలు వేయించి, పొడికొట్టి అన్నంలో కలుపుకొని తిన్నవారు వందలాదిగా జబ్బుపడ్డారు. బరువు తగ్గుదామనుకున్నారు పాపం!

అమ్మలకు ఒక మాట. గింజలను కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోయండి. నీళ్లు తెర్లడం మొదలైన తరువాత అరగంటకు తక్కువ కాకుండా అదే మంటమీద ఉడకనివ్వండి. ప్రెషర్ కుక్కరులో వేడి 120 డిగ్రీల దగ్గరకు పోతుంది కనుక పని ఇంకా తొందరగా అవుతుంది.

"మరి మేము మొలకెత్తిన పెసలు పచ్చివే తింటున్నాం కదా?" అని మీలో చురుకైనవారు అడగవచ్చు. మంచి ప్రశ్నే! పెసలలో రాజ్మాతో పోలిస్తే లెక్టిన్ బహు తక్కువ. నిమ్మరసం పిండుకొని నిక్షేపంగా తినండి. రాజ్మాకు మొలకలొస్తే మాత్రం అవి కూడా పొయ్యి ఎక్కవలసిందే.